తుపాకి మనదైనా తూటా వాళ్లదే

ప్రతి ఏటా ఆగస్టు 9న, ప్రపంచ ఆదివాసీ దినోత్సవం నాడు, మన పిల్లలు విల్లంబులు పట్టుకుని వేదిక ఎక్కుతారు. వెనక నుంచి మైకులో ఒక మాట వినబడుతుంది: "వాళ్ల దగ్గర తుపాకులున్నాయి, మన దగ్గర బాణాలే ఉన్నాయి, అందుకే ఓడిపోయాం." వినీ వినీ ఆ మాట మనకు నిజమైపోయింది. కాని అది సగం నిజమే. మన పెద్దల చేతికి తుపాకులు వచ్చాయి. కొన్ని ఊరి కమ్మరి కొలిమిలో బాగుపడ్డాయి, కొన్ని పోలీసు ఠాణాలోంచే వచ్చాయి. రానిది వేరే ఉంది. ఆ తుపాకిలో సరిగ్గా పట్టే తూటా, అది అయిపోతే మళ్లీ తెచ్చుకునే దారి.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మా తుమ్మలపల్లె నుంచి ఈ సంచికకు రాస్తున్న ఈ నాలుగు మాటల్లో ఆ తూటా కథ చెప్పుకుందాం. ఏ తూటా ఏ తుపాకిలో పడుతుంది, ఏది పట్టదు అన్నది యంత్రాల సంగతిలా కనిపిస్తుంది. నిజానికి మన తిరుగుబాట్ల చరిత్రలో సగం అందులోనే ఉంది.

గింజలు మోసిన తండాలకు తెలిసిన సంగతి

ముందు వరసలో కత్తి పట్టినవాడు ఎంత మొనగాడైనా, వెనక నుంచి గింజలు రాకపోతే మూడో నాటికి కూలబడతాడు. ఈ సంగతి మన సుగాలి పెద్దలకు బాగా తెలుసు. 1791-92లో కారన్‌వాలిస్ టిప్పు సుల్తాను మీద శ్రీరంగపట్నానికి దండెత్తినప్పుడు అతని సైన్యానికి ఎద్దుల మీద ధాన్యం చేరవేసినవాళ్లు బంజారాలే. గుర్రాల దళాలు, ఫిరంగులు అన్నీ ఉన్నా ఆ ఎద్దుల బిడారు రాని రోజున సైన్యం కదల్లేదు.

తూటాలైనా అంతే. అవీ గింజల్లాగే ఖర్చయిపోతాయి. తుపాకి ఒకసారి దొరికితే ముప్పై ఏళ్లు ఉంటుంది, తూటా ఒక్క క్షణంలో పోతుంది. కాబట్టి ఏ పోరాటం గురించి చదివినా తుపాకులెన్ని అని అడిగాక, తూటాలు ఎక్కడి నుంచి వచ్చేవి అని కూడా అడగాలి.

జామగి తుపాకి రోజులు

1800లో నిజాం మన సీమ ప్రాంతాన్ని కంపెనీకి ఇచ్చేశాడు. దత్తమండలాలకు కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో సుమారు 80 మంది పాలెగాళ్ల అధికారాన్ని అణిచివేశాడు. కోటలు పోయాయి, బంట్లు చెదిరిపోయారు, కాని ఊళ్లలో తుపాకులు మిగిలాయి. అప్పటి మన తుపాకి జామగి తుపాకి. జామగి అంటే రాజుకుంటూ ఉండే తాడు. గొట్టం మూతిలోంచి మందు పోసి, గుండు దిగ్గొట్టి, చెవి దగ్గర రంజకం వేసి, జామగి నిప్పు తాకిస్తే పేలేది. రంజకం, జామగి అనే మాటలు ఇప్పుడు నిఘంటువుల్లో మిగిలాయి. ఒకప్పుడు అవి మన ఊళ్ల నోళ్లలో నానిన మాటలు.

ఈ తుపాకిలో మందు వేరు, గుండు వేరు, నిప్పు వేరు. మూడూ ఒకదానికొకటి అతుక్కుని ఉండవు. గుండు కొంచెం చిన్నదైతే గుడ్డపీలిక చుట్టేవారు. సీసం దొరికితే కరిగించి పోసుకునేవారు. గొట్టం పాడైతే కమ్మరి ఉన్నాడు. కంపెనీ సిపాయి మోసే బ్రౌన్ బెస్ తుపాకి కూడా ఇదే జాతిది, నిప్పు పుట్టించే తీరు మాత్రమే వేరు. దాని గొట్టం లోపలి కొలత 0.75 అంగుళం, గుండు కొలత సుమారు 0.69 అంగుళం. అంటే గుండుకూ గొట్టానికీ మధ్య ఖాళీ కావాలనే ఉంచారు, మసి పట్టినా గుండు దిగాలని. సిపాయి తూటా అంటే కాగితపు పొట్లంలో కట్టిన మందు, గుండు. ఆ పొట్లం ఎవరి చేతికి చిక్కినా చింపి మందు వాడుకోవచ్చు, గుండు పెద్దదైతే కరిగించి మళ్లీ పోసుకోవచ్చు. శత్రువు సరుకు మన తుపాకికి పనికొచ్చే కాలం అది.

1846 జులైలో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి కోయిలకుంట్ల ఖజానా మీద పడినది ఆ కాలంలోనే. ఆయన వెంట కట్టుబడిదారులు, బోయలు, మన నల్లమల చెంచులు నడిచారు. గిద్దలూరు దగ్గర కంపెనీ సైన్యంతో తలపడ్డారు. అక్టోబరులో ఆయన పట్టుబడ్డాడు, 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఉరి తీశారు. ఆ ఓటమికి సైన్యం సంఖ్య ఒక కారణం, తలకు వెల కట్టడం ఇంకో కారణం. తుపాకి మందు పొట్లం ఏ తుపాకిలో పడుతుందన్నది మాత్రం అప్పటికి ఇంకా పెద్ద అడ్డంకి కాలేదు. ఆ అడ్డంకి తర్వాత పదేళ్లలో మొదలైంది.

గొట్టంలో చాళ్లు పడ్డాక

నున్నటి గొట్టంలోంచి వచ్చే గుండు ఎటు పోతుందో పేల్చినవాడికే తెలియదు. అందుకని గొట్టం లోపల మెలికలు తిరిగే చాళ్లు తొలిచారు. ఆ చాళ్లను పట్టుకుని గుండు బొంగరంలా తిరుగుతూ నేరుగా పోతుంది. చాళ్లున్న తుపాకినే రైఫిలు అంటారు. కాని చాలు గుండును పట్టుకోవాలంటే గుండు గొట్టానికి బిగువుగా ఉండాలి. బిగువుగా ఉన్న గుండు మసిలో దిగాలంటే జిడ్డు కావాలి. 1853 నమూనా ఎన్‌ఫీల్డ్ రైఫిలుకు, దాని 0.577 అంగుళం గొట్టానికి, కొవ్వు పూసిన కాగితపు తూటా అలా వచ్చింది. 1857లో సిపాయిలు నోటితో కొరకడానికి ఒప్పుకోని తూటా అదే. పాఠ్యపుస్తకం ఆవు కొవ్వు, పంది కొవ్వు అని చెప్పి ఆపేస్తుంది. కొవ్వు ఎందుకు పూయాల్సి వచ్చిందన్నదానికి జవాబు గొట్టంలోని చాళ్లలో ఉంది.

ఆ తిరుగుబాటు నుంచి ప్రభుత్వం ఒక పాఠం నేర్చుకుంది. భారతీయ సిపాయిలకు 1858 నమూనా మస్కెట్ ఇచ్చింది. చూడటానికి ఎన్‌ఫీల్డ్ రైఫిలే, కాని లోపల చాళ్లు లేవు. గొట్టం 0.656 అంగుళానికి నున్నగా తొలిచి ఉంటుంది. తెల్ల సిపాయి రైఫిలు తూటా నల్ల సిపాయి తుపాకిలో వదులవుతుంది, నల్ల సిపాయి గుండు తెల్ల సిపాయి గొట్టంలో దిగదు. తర్వాత కూడా అదే తీరు. తెల్లవాళ్లకు మార్టిని-హెన్రీ వచ్చినప్పుడు మనవాళ్లకు పాత స్నైడర్, వాళ్లకు మ్యాగజీన్ రైఫిలు వచ్చినప్పుడు మనవాళ్లకు మార్టిని. ఎప్పుడూ ఒక తరం వెనక. మామూలు జనానికైతే 1878 ఆయుధాల చట్టం వచ్చి లైసెన్సు లేకుండా తుపాకే ఉండకూడదంది.

ఇత్తడి గుల్ల తెచ్చిన తాళం

స్నైడర్ 1866లో, మార్టిని-హెన్రీ 1871లో, లీ-మెట్‌ఫర్డ్ 1888లో బ్రిటిష్ సైన్యంలోకి వచ్చాయి. ఈ మూడింటిలోనూ మందు గొట్టం మూతిలోంచి పోసేది కాదు, వెనక నుంచి తూటా పెట్టేది. ఆ తూటాలో మందు, గుండు, నిప్పు పుట్టించే టోపీ మూడూ ఒకే లోహపు గుల్లలో ఇమిడి ఉంటాయి. పేలినప్పుడు గుల్ల ఉబ్బి గది గోడలకు అతుక్కుని వేడి గాలిని వెనక్కి రానివ్వదు. అందుకని గుల్లకూ గదికీ కొలత వెంట్రుకవాసి కూడా తేడా రాకూడదు. తేడా వస్తే తూటా ఎక్కదు, ఎక్కినా గుల్ల చీలి ఆ వేడి గాలి పేల్చినవాడి మొహం మీదికి వస్తుంది.

మన చేలల్లో చూసిన విషయమే ఇది. కొర్రలు విత్తే జడ్డిగంలో వేరుశనగ విత్తనం పోస్తే రంధ్రంలోనే ఇరుక్కుంటుంది. స్నైడర్ తూటా 0.577 అంగుళం. మార్టిని తూటా మొదలు లావు, మెడ సన్నం, గుండు 0.450. లీ-మెట్‌ఫర్డ్‌ది 0.303. ఒకదానికొకటి పట్టవు. ఇక జామగి తుపాకి కాలంలోలా పొట్లం చింపి సర్దుకోవడం కుదరదు. ఊరి కమ్మరి గొట్టం బాగుచేయగలడు కాని అంత కచ్చితమైన ఇత్తడి గుల్లను, దాని అడుగున టోపీని వేల సంఖ్యలో చేయలేడు. వాటికి యంత్రాలున్న ఫ్యాక్టరీ కావాలి. 1869లో పూనా దగ్గర ఖడ్కీలో మొదలైన తూటాల ఫ్యాక్టరీ సర్కారుది, కలకత్తా దగ్గర డమ్‌డమ్‌లో ఉన్నదీ సర్కారుదే. తుపాకికి తాళం పడింది. తాళంచెవి ఫ్యాక్టరీలో ఉంది.

మన్యంలో 26 తుపాకులు

ఇప్పుడు మన సీమ నుంచి తూర్పు కనుమల మన్యానికి పోదాం. ఈ తాళం మన జనం పోరాటంలో ఎలా అడ్డుపడిందో అక్కడ స్పష్టంగా కనిపిస్తుంది.

1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. వరసగా మూడు రోజులు మూడు పోలీసు ఠాణాల మీద అల్లూరి సీతారామరాజు, గాం గంటం దొర, గాం మల్లు దొర, వాళ్ల వెంట మన్యం జనం పడ్డారు. మొత్తం 26 తుపాకులు, 2,500కు పైగా తూటాలు చేతికొచ్చాయి. రాజు దోచిన తుపాకులను మాత్రమే తీసుకుపోలేదు, తూటాలనూ పట్టుకుపోయాడు. తూటా విలువ ఆయనకు తెలుసు. అదే ఆయన దళాన్ని అంతకుముందు వచ్చిన గుంపుల నుంచి వేరు చేసింది. సెప్టెంబరు 24న దామనపల్లి ఘాట్‌లో పొంచి ఉండి స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు అధికారులను చంపింది కూడా ఆ దళమే.

ఇక లెక్క వేద్దాం. 2,500 తూటాలను 26 తుపాకులకు పంచితే ఒక్కోదానికి సుమారు 96. గురి నేర్చుకోవడానికి పదో ఇరవయ్యో పోతే మిగిలేవి డెబ్భై, ఎనభై. అదీ ఒక్కో తుపాకికి దాని తూటాయే దొరికిందనుకుంటే. ఆ డెబ్భై అయిపోతే మళ్లీ ఇంకో ఠాణా మీద పడాలి. ప్రభుత్వం ఆ సంగతి గ్రహించి ఠాణాల్లో కాపలా పెంచింది. అక్టోబరులో అడ్డతీగల, రంపచోడవరం ఠాణాల మీదికి దళం పోయినా ఆగస్టులో దొరికినంత సరుకు మళ్లీ దొరకలేదు. దళంలో చాలామందికి చివరిదాకా విల్లంబులే దిక్కు. వాళ్లు బాణం పట్టింది తుపాకి తెలియక కాదని ఈ లెక్క చూస్తే అర్థమవుతుంది. బాణాన్ని అడవిలోనే చేసుకోవచ్చు, తూటాను చేసుకోలేరు.

అవతలి పక్క చూడండి. మన్యంలోకి మలబార్ స్పెషల్ పోలీసు వచ్చింది, తర్వాత అస్సాం రైఫిల్స్ వచ్చింది. ఆనాటి బ్రిటిష్ సామ్రాజ్యమంతటా సైనికుడి చేతిలోని లీ-ఎన్‌ఫీల్డ్ రైఫిలుకూ, లూయిస్ మెషిన్‌గన్‌కూ, వికర్స్ మెషిన్‌గన్‌కూ ఒకటే .303 తూటా. రైఫిలు చేత్తో లాగి మూసేది, లూయిస్ పేలుడు గాలితో నడిచేది, వికర్స్ వెనక్కి తన్నే ఊపుతో నడిచేది. పనిచేసే తీరు మూడు రకాలు, తిండి ఒకటే. ఒక పెట్టె వస్తే అందరికీ పంచవచ్చు. సామ్రాజ్యం బలం మెషిన్‌గన్‌లో ఎంత ఉందో ఈ పొత్తులోనూ అంత ఉంది.

1924 మే 7న కొయ్యూరులో రాజును కాల్చి చంపారు. గంటం దొర ఆ మరుసటి నెలలో నేలకొరిగాడు. మల్లు దొర జైలు నుంచి బయటికొచ్చి, 1952లో మొదటి లోక్‌సభకు విశాఖపట్నం నుంచి ఎన్నికయ్యాడు. తూటా లేకుండా కూడా పోరాటం సాగుతుందని ఆయన బతుకు చెబుతుంది.

కావాలని చేసిన పొత్తులేమి

పొత్తు బలమని తెలిసిన సర్కారు, పొత్తు లేకుండా చేయడం కూడా నేర్చింది. బెంగాల్‌లోని ఇషాపూర్ రైఫిలు ఫ్యాక్టరీలో పాత .303 రైఫిళ్లను తీసుకుని, గొట్టం నున్నగా తొలిచి, .410 కొలతకు మార్చారు. మ్యాగజీన్ స్థానంలో చెక్క ముక్క పెట్టారు, ఒకసారికి ఒక్క తూటాయే. ఆ తూటా .303 గుల్లకు మెడ నొక్కకుండా చేసినది. కాపలా పోలీసు చేతికి ఇచ్చిన తుపాకి ఇదే. ఎవరైనా లాక్కుపోయినా సైన్యం వాడే తూటా దానికి పనికిరాదు, దాని తూటా సైన్యం రైఫిలుకు పనికిరాదు, దూరం కూడా పోదు.

ఇది మన దేశానికే పరిమితం కాదు. ఈజిప్టు గ్రామ పోలీసులకు ఇంగ్లండులోని గ్రీనర్ కంపెనీ ఒక తుపాకి చేసిచ్చింది. దాని తూటా ఆకారమే వేరు, దాన్ని పేల్చే సూదికి మూడు ముళ్లు. మామూలు తూటా అందులో పెట్టినా పేలదు. పాలకుడు తన కింద పనిచేసే పోలీసునే పూర్తిగా నమ్మలేదని ఆ మూడు ముళ్ల సూది చెబుతుంది.

తూటాయే ఇంజను అయినప్పుడు

1947 తర్వాత మన పోలీసుల భుజాన 'త్రీ నాట్ త్రీ' దశాబ్దాలపాటు ఉంది. ఉత్తరప్రదేశ్ పోలీసులు దానికి వీడ్కోలు చెప్పింది 2020 గణతంత్ర దినోత్సవం నాడు. అంతకాలం ఎలా బతికింది? ఒక కారణం అది చేత్తో నడిచే రైఫిలు కావడం. బోల్టును లాగేది మనిషి చెయ్యి. తూటా కొంచెం బలహీనమైనా, పాతదైనా, చెయ్యి లాగితే గుల్ల బయటికొస్తుంది. చిక్కు లేదని కాదు. .303 గుల్ల అడుగున అంచు ఉంటుంది. మ్యాగజీన్‌లో పై తూటా అంచు కింది తూటా అంచుకు ముందుండాలి. వెనక పడితే ఒకదానికొకటి తగులుకుని బోల్టు కదలదు. రెండో ప్రపంచ యుద్ధం నాటి మిగులు తూటాల్లో టోపీ మందు పేలాక ఉప్పు మిగులుస్తుంది, గొట్టం తుప్పు పడుతుంది. అందుకే పాత సిపాయిలు వేడినీళ్లు పోసి కడిగేవారు. వికర్స్ మెషిన్‌గన్ కోసం 1938లో చేసిన మార్క్ 8 తూటా కొలతలో .303యే, కాని దాని మందు రైఫిలు గొట్టాన్ని త్వరగా తినేస్తుంది కాబట్టి రైఫిళ్లలో వాడొద్దనేవారు. కొలత కలిసినంత మాత్రాన జత కలవదు.

1962 యుద్ధం తర్వాత మన సైన్యానికి 7.62 మిల్లీమీటర్ల సెల్ఫ్ లోడింగ్ రైఫిలు వచ్చింది. దీనిలో బోల్టును వెనక్కి నెట్టేది తూటా పేలిన గాలే. తూటాయే ఇంజను. అందుకని మందు ఎంత ఉందో, ఎంత వేగంగా కాలుతుందో కూడా తుపాకికి సరిపోవాలి. తక్కువైతే గుల్ల సగంలో ఇరుక్కుంటుంది, ఎక్కువైతే లోపలి భాగాలు బాదుకుని విరుగుతాయి. వియత్నాం యుద్ధంలో అమెరికా సైన్యం ఎం-16 రైఫిలు తూటాలో మందు రకం మార్చింది. కొలత మారలేదు, మందు మారింది. తుపాకి మసి పట్టి, వేగం పెరిగి, అడవిలో మొరాయించింది. సైనికులు చనిపోయాక 1967లో అమెరికా పార్లమెంటు కమిటీ విచారణ జరిపింది.

పోలీసు ఉద్యోగాలకు తయారవుతున్న మన తండా, గూడెం పిల్లలకు ఇంకో మాట. 7.62 అనే పేరు మీద మూడు తూటాలు ప్రపంచంలో ఎక్కువ తిరుగుతాయి. మన ఎస్‌ఎల్‌ఆర్‌ది 51 మిల్లీమీటర్ల గుల్ల, ఏకే-47ది 39, పాత రష్యా రైఫిలుది 54, పైగా అంచు ఉన్నది. పేరు ఒకటే, మనుషులు వేరు. ఒకదాని చోట ఒకటి పట్టదు.

మనకెందుకు ఈ లెక్క

మొదటిది, మన పెద్దల తెలివి గురించి. "బాణాలతో తుపాకుల మీదికి పోయారు" అనే మాటలో జాలి ఉంది, ఆ జాలి వెనక చిన్నచూపు ఉంది. ఆగస్టు 22, 23, 24 తేదీల్లో మూడు ఠాణాల నుంచి తుపాకితోపాటు తూటా కూడా ఎంచి తెచ్చిన జనం అమాయకులు కారు. వాళ్లకు తుపాకి తెలుసు, తూటా ఎక్కడ పుడుతుందో కూడా తెలుసు. ఆ పుట్టేచోటు వాళ్ల చేతిలో లేదు. ఓటమి వాళ్ల తెలివితక్కువతనం అని ఎవరన్నా వేదిక మీద అంటే, 26, 2,500 అనే రెండు అంకెలు చెప్పండి.

రెండోది, మన ఒళ్లు, మన చేతుల గురించి. మన సీమలో నాటు తుపాకులు, తపంచాలు ఇంకా పోలేదు. ఎక్కడో దొరికిన తూటాను ఏదో గొట్టంలో పెట్టి చూద్దామనే సరదా ఇంకా పోలేదు. పైన చెప్పినదంతా చదివాక మీకే తెలుస్తుంది: జత కుదరని తూటా ముందున్న పందికన్నా పట్టుకున్న చేతికే ముందు తగులుతుంది. పాత తూటా కనిపిస్తే ముట్టకండి, సుత్తితో కొట్టకండి, పాత ఇనుము కొట్టుకు వేయకండి, పోలీసులకు చెప్పండి.

మూడోది, వాడే వస్తువు గురించి. పనిముట్టు చేతిలో ఉండి, దాన్ని నడిపే సరుకు వేరొకరి ఫ్యాక్టరీలో ఉంటే ఆ పనిముట్టు సగమే మనది. 1846లో మందు, గుండు, నిప్పు మూడూ ఊళ్లోనే ఉన్నాయి. 1922 నాటికి మూడూ ఒకే గుల్లలోకి దూరి ఊరు దాటిపోయాయి. ఆ డెబ్భై ఆరేళ్లలో మనం పోగొట్టుకున్నది ధైర్యం కాదు. ఈనాడు మన పొలంలో విత్తనానికీ, మన చేతిలో ఫోనుకూ ఇదే ప్రశ్న వేసుకోవచ్చు. అయిపోతే మళ్లీ ఎక్కడి నుంచి వస్తుంది?

హైదరాబాదు పోయినప్పుడు సాలార్‌జంగ్ మ్యూజియంలో ఆయుధాల గది చూడండి. తుపాకి పొడవు, దాని మీది నగిషీ చూసి వచ్చేయకండి. ఇందులో ఏ తూటా పడేది, దాన్ని ఎవరు చేసేవారు అని అక్కడివాళ్లను అడగండి. ఊరికి వచ్చాక జామగి, రంజకం అనే మాటలు మీ జేజి, మీ అబ్బ ఎప్పుడైనా విన్నారేమో అడిగి రాసిపెట్టండి. వచ్చే సంచికలో మీరు రాసినదే చదువుకుందాం.